ఆన్‌లైన్ చెల్లింపుల్లో భద్రతా ధ్రువపత్ర హెచ్చరికలు: అర్థం, అపార్థం

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్‌లో రుసుము చెల్లించే వేళ బ్రౌజరు చూపే ధ్రువపత్ర హెచ్చరిక ఏ సంగతిని చెబుతుందో, ఏ సంగతిని చెప్పదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. హెచ్చరిక కనిపించడానికి గల ప్రధాన కారణాలను, 2014లో భారతదేశంలో వెలుగుచూసిన ఒక ఘటనను, హెచ్చరికల భాష తెలుగు పాఠకునికి కలిగించే అర్థభ్రాంతిని ఇందులో పరిశీలించడమైంది.

కీలకపదాలు: ధ్రువపత్రం, బ్రౌజరు, డొమైన్ పేరు, ధ్రువీకరణ సంస్థ, ఆన్‌లైన్ చెల్లింపు, హెచ్చరిక భాష.

1. ప్రస్తావన

సిద్ధాంతగ్రంథ సమర్పణ రుసుముకు అది చివరి రోజు. పరిశోధక విద్యార్థి విభాగంలోని కంప్యూటరులో విశ్వవిద్యాలయం వారి చెల్లింపు పుట తెరుస్తాడు. పుటకు బదులు ఎర్రని గుర్తుతో ఒక వాక్యం కనిపిస్తుంది: "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్". పక్కన కూర్చున్న మిత్రుడు ఉపాయం చెబుతాడు: "అడ్వాన్స్‌డ్ నొక్కు. కింద ప్రొసీడ్ అని వస్తుంది, దాన్ని నొక్కెయ్. మొన్న నేనూ అలాగే కట్టాను." విద్యార్థి అలాగే చేస్తాడు. రుసుము చేరుతుంది, రశీదు వస్తుంది, ఏ నష్టమూ జరగదు.

నష్టం జరగకపోవడమే ఇక్కడి చిక్కు. హెచ్చరికను దాటి వెళ్లినా ఏమీ కాదన్న పాఠం ఆ విద్యార్థికి ఆ రోజే అలవడింది. మరొక రోజు, మరొక చోట, అదే వాక్యం నిజమైన ప్రమాదాన్ని సూచిస్తూ కనిపించినప్పుడు కూడా అతని వేలు అదే మీటను వెతుకుతుంది. రెండు సందర్భాల్లోనూ తెరపై కనిపించేది ఒకే వాక్యం కావడం వల్ల, ఆ వాక్యం వెనుక ఉన్న విషయం తెలియనిదే వాటి మధ్య భేదం పట్టుబడదు.

2. ధ్రువపత్రం దేనికి సాక్ష్యం?

వెబ్‌సైటు చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉన్నప్పుడు బ్రౌజరు రెండు పనులు చేస్తుంది. మొదటిది, పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేని విధంగా సంకేతలిపిలోకి మార్చడం. రెండవది, అవతలి కొసన ఉన్నది ఆ చిరునామాకు చెందిన సర్వరేనని నిర్ధారించుకోవడం. సాధారణంగా మొదటి పనినే గొప్పగా చెప్పుకుంటారు గాని, రెండవది లేనిదే మొదటిది వ్యర్థం. ఉత్తరానికి ఎంత గట్టిగా లక్కముద్ర వేసినా, దాన్ని దొంగ చేతికే అందిస్తే ముద్ర వల్ల ప్రయోజనమేముంది?

ఈ రెండవ పనికి సాధనం ధ్రువపత్రం. అది ఒక చిన్న కంప్యూటరు దస్త్రం. అందులో డొమైన్ పేరు, జారీచేసిన సంస్థ పేరు, చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఆ సర్వరుకు చెందిన బహిరంగ కీ, వీటన్నిటిపైనా జారీచేసిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ సంస్థ రూపొందించిన ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతితో ఈ ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. 1999లో దాని స్థానంలోకి టీఎల్‌ఎస్ వచ్చింది. 2018లో టీఎల్‌ఎస్ 1.3 ప్రమాణం వెలువడింది. వాడుకలో మాత్రం నేటికీ "ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్" అన్న పాత పేరే నిలిచింది.

అధ్యాపక నియామకాల్లో పట్టాల పరిశీలన ఎలా జరుగుతుందో కళాశాలలో ఉన్నవారికి తెలుసు. పట్టాపై ఉన్న పేరు, అభ్యర్థి పేరు ఒకటేనా? పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందా? తేదీలు సరిపోయాయా? ఇచ్చిన పట్టాను తర్వాత రద్దు చేశారా? బ్రౌజరు కూడా క్షణంలో ఇవే ప్రశ్నలు వేస్తుంది. గుర్తింపు ఉన్న సంస్థల జాబితా ఒకటి బ్రౌజరులోనో ఆపరేటింగ్ సిస్టమ్‌లోనో ముందే ఉంటుంది. అందులో వందకు పైగా మూల ధ్రువపత్రాలుంటాయి. మూలసంస్థ ఒక మధ్యస్థ ధ్రువపత్రంపై సంతకం చేస్తుంది; మధ్యస్థ ధ్రువపత్రం వెబ్‌సైటు ధ్రువపత్రాన్ని ధ్రువపరుస్తుంది. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా హెచ్చరిక వస్తుంది.

పోలికను ఇంకొంత సాగదీయవచ్చు. పాఠశాల వదిలే విద్యార్థికి మన వద్ద స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు ఇస్తారు. మొదటిది ఫలానా విద్యార్థి ఫలానా బడిలో చదివాడని చెబుతుంది. రెండవది అతని నడవడి బాగుందంటుంది. వెబ్‌సైటు ధ్రువపత్రం మొదటి కోవకే చెందుతుంది. ఫలానా పేరుగల సైటు ఇదేనని మాత్రమే అది చెబుతుంది. ఆ సైటు నడిపేవారు నిజాయతీపరులని గాని, డబ్బు తీసుకుని సేవ అందిస్తారని గాని ఎక్కడా చెప్పదు. మోసగాడు తన సొంత పేరుతో ఒక డొమైన్ కొనుక్కుంటే, దానికి అన్నివిధాలా సక్రమమైన ధ్రువపత్రం పొందగలడు. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వీటిని ఉచితంగా ఇస్తోంది. అడిగినవారి ఆధీనంలో ఆ డొమైన్ ఉందా లేదా అన్నదే దాని పరీక్ష. వెబ్ సమాచారం సంకేతలిపిలోకి మారడం సార్వత్రికం కావడానికి ఇది ఎంతో తోడ్పడింది. అదే సమయంలో, తాళం గుర్తు కనిపిస్తే మంచి సైటన్న పాత నమ్మకానికి ఆధారం లేకుండా పోయింది.

ఈ అపార్థం ఎంత విస్తృతమో గూగుల్ సంస్థే వెల్లడించింది. 2021లో ఆ సంస్థ జరిపిన అధ్యయనంలో పాల్గొన్నవారిలో తాళం గుర్తుకు కచ్చితమైన అర్థం చెప్పగలిగినవారు 11 శాతమే. 2023లో క్రోమ్ 117వ రూపం నుంచి చిరునామా పట్టీలో తాళం గుర్తును తీసివేసి, దాని చోట తటస్థమైన మరొక గుర్తును పెట్టారు.

3. హెచ్చరిక రకాలు

క్రోమ్‌లో హెచ్చరిక పుట అడుగున చిన్న అక్షరాల్లో ఒక సంకేతం ఉంటుంది. ఎవరూ చదవని ఆ పంక్తిలోనే అసలు విషయం ఉంది.

"సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్" అంటే తేదీ సరిపోలేదని అర్థం. సైటు నిర్వాహకులు గడువులోగా ధ్రువపత్రాన్ని పునరుద్ధరించకపోవడం దీనికి సాధారణ కారణం. అయితే తప్పు మన యంత్రానిది కూడా కావచ్చు. విభాగాల్లోని పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు నిన్న జారీ అయిన ధ్రువపత్రం కూడా ఇంకా అమలులోకి రానిదిగా కనిపిస్తుంది. అన్ని సైట్లకూ ఒకేసారి ఈ హెచ్చరిక వస్తుంటే మొదట చూడవలసింది తెర మూలనున్న తేదీనే. నవీకరణకు నోచుకోని పరికరాలది మరో కథ. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రాలకు ఆధారమైన ఒక పాత మూల ధ్రువపత్రం గడువు ముగిసినప్పుడు, సైట్లలో ఏ లోపమూ లేకున్నా కొన్ని పాత పరికరాల్లో హెచ్చరికలు వచ్చాయి.

గడువు తీరితే ఏమవుతుంది, సంకేతలిపి పనిచేస్తూనే ఉంటుంది కదా అనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. కాని గడువు అన్నది అలంకారప్రాయం కాదు. ధ్రువపత్రానికి జంటగా ఉండే రహస్య కీ ఎప్పుడైనా దొంగల పాలైతే, దాని దుర్వినియోగానికి ఒక కాలపరిమితి ఉండాలన్నదే గడువు ఉద్దేశం. గడువు తీరిన ధ్రువపత్రాలను రద్దు జాబితాల్లో కొనసాగించనవసరం లేదు కనుక, ఆ తర్వాత అది చోరీ అయినదో కాదో తెలుసుకునే దారి కూడా మూసుకుపోతుంది.

"సర్ట్ కామన్ నేమ్ ఇన్‌వాలిడ్" అంటే పేరు కుదరలేదని అర్థం. పట్టా ఒకరిది, అభ్యర్థి మరొకరు. సైటు పేరు ముందు మూడు డబ్ల్యూలు ఉన్న రూపానికే ధ్రువపత్రం తీసుకుని, అవి లేని రూపాన్ని మరచిపోయినప్పుడు కూడా ఇది వస్తుంది. చెల్లింపుదారును వేరొక సర్వరుకు మళ్లించినప్పుడూ ఇదే వస్తుంది. చెల్లింపు సందర్భంలో ఈ రెండు కారణాల్లో ఏది అసలుదో తేల్చే శక్తి సామాన్య వినియోగదారునికి ఉండదు.

అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది "సర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్". ధ్రువపత్రం ఇచ్చినవారెవరో బ్రౌజరుకు తెలియదు. అభ్యర్థి తన పట్టాను తానే అచ్చు వేసుకుని ఉండవచ్చు. ఉచిత వైఫై ఉన్నచోట మధ్యలో చేరిన వ్యక్తి ఎలా పనిచేస్తాడో గమనిస్తే దీని తీవ్రత బోధపడుతుంది. అతను చెల్లింపుదారుతో తానే బ్యాంకునన్నట్లు మాట్లాడతాడు. బ్యాంకుతో తానే ఖాతాదారునన్నట్లు మాట్లాడతాడు. ఇరువైపులా సంకేతలిపి చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. మధ్యలో మాత్రం కార్డు సంఖ్య, ఓటీపీ అన్నీ అతనికి విప్పిన ఉత్తరాలే. అతని వద్ద లేనిది ఒక్కటే: బ్యాంకు పేరుతో గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం. అందుకే బ్రౌజరు హెచ్చరిస్తుంది. వినియోగదారు "ప్రొసీడ్" నొక్కితే ఆ ఒక్క అడ్డంకీ తొలగిపోతుంది.

ఇదే హెచ్చరిక కళాశాల ప్రాంగణాల్లో నిరపాయకరమైన కారణంతోనూ వస్తుంది. కొన్ని విద్యాసంస్థలు తమ నెట్‌వర్కులో జరిగే రాకపోకలను పరిశీలించడానికి ఫైర్‌వాల్ పరికరాలను పెడతాయి. అవి ప్రతి సైటుకూ తమ సొంత ధ్రువపత్రాన్ని అప్పటికప్పుడు తయారుచేసి అందిస్తాయి. సంస్థ ధ్రువపత్రాన్ని వ్యవస్థాపించని సొంత ల్యాప్‌టాప్‌లో అన్ని సైట్లకూ హెచ్చరికే కనిపిస్తుంది. ఫోన్‌లోని మొబైల్ డేటాకు మారి చూస్తే సంగతి తేలుతుంది: అక్కడ హెచ్చరిక రాకపోతే లోపం నెట్‌వర్కుది, అక్కడా వస్తే చాలావరకు సైటుది. అయితే కారణం ఫైర్‌వాలే అని తేలినంత మాత్రాన ఆ నెట్‌వర్కులో బ్యాంకు లావాదేవీ జరపడం సబబు కాదు. సాంకేతికంగా ఆ పరికరం చేస్తున్నది కూడా మధ్యలో కూర్చుని ఉత్తరాలు విప్పడమే.

కొన్ని సైట్ల విషయంలో "ప్రొసీడ్" అన్న దారే కనిపించదు. హెచ్‌ఎస్‌టీఎస్ అనే ఏర్పాటు ద్వారా, ధ్రువపత్రంలో దోషముంటే ఎవరినీ లోపలికి రానివ్వవద్దని సైటు ముందుగానే బ్రౌజరుకు చెప్పి ఉంచుతుంది. 2012లో ఇది ప్రమాణంగా వెలువడింది. దారి లేదని విసుక్కుని వేరొక బ్రౌజరులో ప్రయత్నించేవారున్నారు. కాని ఆ మూసివేత సైటు యజమాని కోరిక మేరకు జరిగిందే.

4. పేరు చదవడం

హెచ్చరిక రాలేదంటే చిరునామా పట్టీలోని పేరుకూ ధ్రువపత్రానికీ పొంతన కుదిరిందని మాత్రమే అర్థం. ఆ పేరు సరైనదో కాదో చూడవలసింది చదివేవారే. ఇక్కడ తెలుగు అధ్యాపకులకు అలవాటైన సూత్రం ఒకటి అక్కరకు వస్తుంది. తత్పురుష సమాసంలో ఉత్తరపదార్థం ప్రధానం. రాజసేవకుడు సేవకుడే గాని రాజు కాడు. డొమైన్ పేరులోనూ ప్రాధాన్యం చివరి భాగానిదే. బ్యాంకు పేరు మొదట్లో ఉండి, చివర "డాట్ ఫీజుచెల్లింపు డాట్ కామ్" అని ఉంటే, అది ఫీజుచెల్లింపు అనే సైటులోని ఒక గది మాత్రమే. బ్యాంకుతో దానికి ఏ సంబంధమూ ఉండనవసరం లేదు. మొదటి ఏకగీత వచ్చేవరకు ఉన్న భాగాన్ని తీసుకుని, దాన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి.

విశ్వవిద్యాలయ రుసుము చెల్లింపులో చిరునామా కనీసం రెండు మూడుసార్లు మారుతుంది. విశ్వవిద్యాలయం సైటు నుంచి చెల్లింపు సేవాసంస్థ పుటకు, అక్కడి నుంచి ఓటీపీ అడిగే బ్యాంకు పుటకు వెళ్తారు. ప్రతి మజిలీకీ ధ్రువపత్రం వేరు. మొదటి పుటలో హెచ్చరికను దాటివెళ్లిన వ్యక్తికి తర్వాతి పుటలు సవ్యంగా కనిపించినా ధైర్యం చాలదు. మొదటి పుటను మార్చగలిగినవాడు, అక్కడి నుంచి ఎక్కడికి పంపాలో కూడా మార్చగలడు. యూపీఐ క్యూఆర్ చిత్రం ఉన్న పుట అయితే ఆ చిత్రాన్నే మార్చగలడు. అందువల్ల యాప్‌లో కనిపించే గ్రహీత పేరును చదవకుండా పిన్ నొక్కరాదు.

బ్యాంకుల పేర్ల విషయంలో భారతీయ రిజర్వు బ్యాంకు ఒక మేలైన నిర్ణయం తీసుకుంది. బ్యాంకులన్నీ తమ సైట్లను "బ్యాంక్ డాట్ ఇన్" అన్న ముగింపుగల చిరునామాలకు 2025 అక్టోబరు 31 నాటికి మార్చాలని ఆదేశించింది. ఆ ముగింపుగల పేర్లను నమోదుచేసే బాధ్యతను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించింది. బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ ఉత్తరపదం దొరకదు. కనుక ధ్రువపత్రం చెప్పలేని సంగతిని, అంటే ఆ పేరుగలవారు నిజంగా బ్యాంకేనన్న సంగతిని, ఇకపై పేరే కొంతవరకు చెబుతుంది.

5. గుర్తింపు సంస్థే పొరపడితే

పట్టా ఇచ్చే సంస్థలోనే తప్పు జరిగితే పరిశీలకునికి అనుమానం రాదు. 2011లో డిజినోటార్ అనే డచ్చి ధ్రువీకరణ సంస్థలోకి చొరబడినవారు గూగుల్‌తో సహా అనేక సంస్థల పేర్లతో దొంగ ధ్రువపత్రాలు సృష్టించారు. వాటిని ఇరాన్‌లోని వినియోగదారులపై ప్రయోగించారు. బ్రౌజర్లు ఆ సంస్థను తమ జాబితాల నుంచి తొలగించాయి. అదే ఏడాది సంస్థ దివాళా తీసింది.

మూడేళ్ల తర్వాత అటువంటిదే భారతదేశంలో జరిగింది. ఐటీ చట్టం, 2000 కింద ఏర్పడిన ధ్రువీకరణ సంస్థల నియంత్రకుని మూల ధ్రువపత్రం ఆధారంగా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కూడా ధ్రువపత్రాలు జారీచేసేది. 2014 జులై 2న ఆ కేంద్రం పేరుతో జారీ అయిన అనధికార ధ్రువపత్రాలు గూగుల్ డొమైన్లకు ఉన్నట్లు గూగుల్ గుర్తించింది. మరునాడే నియంత్రకుడు ఆ కేంద్రానికి ఇచ్చిన మధ్యస్థ ధ్రువపత్రాలను రద్దు చేశాడు. జారీ ప్రక్రియలోకి ఇతరులు చొరబడ్డారని, నాలుగు ధ్రువపత్రాలు అక్రమంగా వెలువడ్డాయని నియంత్రకుడు తెలపగా, అంతకు మించి ఉన్నట్లు తమకు తెలుసునని గూగుల్ పేర్కొంది. ఆ మూల ధ్రువపత్రం చెల్లుబాటును క్రోమ్‌లో గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ వంటి కొన్ని భారతీయ డొమైన్లకు పరిమితం చేశారు.

ఈ ఘటనలో పాఠకుడు గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. భారత నియంత్రకుని మూల ధ్రువపత్రం మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది. మొజిల్లా జాబితాలో లేదు. కాబట్టి ఆ దొంగ ధ్రువపత్రాన్ని కేవలం విండోస్ జాబితాపైనే ఆధారపడే బ్రౌజర్లు అంగీకరించేవి. ఫైర్‌ఫాక్స్ మాత్రం హెచ్చరించేది. అదే గొలుసులోని సిసలైన ప్రభుత్వ ధ్రువపత్రానికీ ఫైర్‌ఫాక్స్ హెచ్చరించేది. అంటే హెచ్చరిక రావడమూ రాకపోవడమూ ఒక జాబితాకు సంబంధించిన విషయం. ఆ జాబితాను నిర్ణయించేవారు బ్రౌజరు తయారీదారులు. జారీ అయిన ప్రతి ధ్రువపత్రాన్నీ బహిరంగ చిట్టాలో నమోదుచేసే పద్ధతి ఇటువంటి అనుభవాల నుంచే పుట్టింది. 2018 నుంచి క్రోమ్ కొత్త ధ్రువపత్రాలకు దీన్ని తప్పనిసరి చేసింది.

6. హెచ్చరిక భాష

"యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అన్న వాక్యాన్ని తెలుగు చెవితో వినాలి. తెలుగులో ప్రైవేటు అనే మాట దాదాపు తెలుగు పదమే అయింది. కాని దాని అర్థం వేరు. ప్రైవేటు బస్సు, ప్రైవేటు కళాశాల, ప్రైవేటు ఉద్యోగం అన్నప్పుడు అది ప్రభుత్వానిది కానిదన్న భావమే స్ఫురిస్తుంది. ఒకప్పుడు పిల్లలు సాయంత్రం వెళ్లే ట్యూషన్‌కు కూడా ప్రైవేటనే పేరు. గోప్యత అన్న అర్థంలో ఆ మాట సామాన్య వ్యవహారంలో లేదు. కనుక కనెక్షన్ ప్రైవేటు కాదనడం ప్రమాదసూచనగా వినిపించదు.

సెక్యూర్ అన్న మాటకు వాడే "సురక్షితం"తో ఇబ్బంది మరో విధమైనది. సురక్షితమైన ఊరు, సురక్షితమైన తాగునీరు అన్నప్పుడు ఆ మాట సమగ్రమైన క్షేమాన్ని సూచిస్తుంది. సాంకేతికంగా ఇక్కడ రక్షణ ఉన్నది దారికే గాని గమ్యానికి కాదు. "సురక్షితమైన కనెక్షన్" అని చదివినవారు సురక్షితమైన సైటని గ్రహించడంలో వింతలేదు. ఇక "అడ్వాన్స్‌డ్" అన్న మీట నిపుణులకు దారి అన్న అభిప్రాయం కలిగిస్తుంది. దాని వెనుక నిపుణతతో చేసే పనేదీ లేదు. హెచ్చరికను తోసిరాజనే లంకె మాత్రం ఉంది.

పదానికి పదం పెట్టడం కంటె విషయాన్ని సూటిగా చెప్పడం మేలు. "ఈ పేరుతో కనిపిస్తున్నది అసలు సైటేనని రుజువు దొరకలేదు. ఇక్కడ మీరు నమోదుచేసే వివరాలను ఇతరులు చదవవచ్చు" అన్న రెండు వాక్యాలు పై ఆంగ్ల వాక్యం కంటె పొడవైనవే. కాని ఆ రెండూ చదివిన చెల్లింపుదారు కార్డు సంఖ్య కొట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

7. చెల్లింపుదారు, సంస్థ

పై రకాల్లో కొన్ని నిరపాయకరమైనవైనా, హెచ్చరిక నిలిచి ఉండగా చెల్లించకూడదు. వార్త చదివేటప్పుడు పొరపాటు జరిగితే పోయేది కొద్దిపాటి. కార్డు వివరాలు ఇచ్చేటప్పుడు జరిగితే పోయేది వేరు. తేదీ సరిచూసుకోవడం, నెట్‌వర్కు మార్చడం, చిరునామాను స్వయంగా టైపు చేయడం, అప్పటికీ హెచ్చరిక పోకపోతే సంస్థకు ఫోన్ చేసి చలానా వంటి మరో మార్గం అడగడం చెల్లింపుదారు చేయగల పనులు.

హెచ్చరికను దాటి వివరాలిచ్చినవారు వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డును నిలుపుదల చేయించుకోవాలి. డబ్బు పోయినట్లయితే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు 3 పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టాన్ని, ఫిర్యాదు చేసే వరకు అతనే భరించాలి. హెచ్చరికను దాటినవారు ఏ కోవలోకి వస్తారన్న వాదనకు తావివ్వకపోవడమే క్షేమం.

తప్పంతా వినియోగదారుపై మోపడం మాత్రం న్యాయం కాదు. రుసుము గడువు చివరి రోజున తన ధ్రువపత్రం గడువు తీరిపోయిన సంస్థ, హెచ్చరికను దాటి రమ్మని విద్యార్థులకు తానే నేర్పుతోంది. సహాయకేంద్రంలోని ఉద్యోగి కూడా "ఏం పర్వాలేదు, ప్రొసీడ్ నొక్కండి" అంటే, ఆ పాఠానికి అధికార ముద్ర పడినట్లే.

ఈ సమస్య ఇకముందు పెరిగే సూచనలున్నాయి. 2020 సెప్టెంబరు నుంచి ధ్రువపత్రం గరిష్ఠ కాలపరిమితి 398 రోజులుగా ఉండేది. బ్రౌజరు తయారీదారులు, ధ్రువీకరణ సంస్థలు సభ్యులుగా ఉన్న వేదిక 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, అది 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గుతుంది. ఏడాదికోసారి కొటేషన్లు పిలిచి, దస్త్రం నడిపి, చేత్తో ధ్రువపత్రాన్ని మార్చే కార్యాలయం అప్పుడు ఆ పనిని ఏడాదికి ఎనిమిది సార్లు చేయవలసి వస్తుంది. పునరుద్ధరణను స్వయంచాలకం చేసే ఉచిత సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. సైటు నిర్వహణను బయటి సంస్థలకు అప్పగించిన కళాశాలలు ఒప్పందంలో ఈ ఒక్క నిబంధన ఉందో లేదో తదుపరి రుసుము ప్రకటనకు ముందే చూసుకోవలసి ఉంది.